ఏట్లో కర్చీఫు వేసేవాళ్ళు

గాలం వేసేవాళ్ళ మర్యాద గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే: పక్కవాడికి దూరంగా నిలబడు. ఎంత దూరం అనే దాని మీద మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఒకాయన రెండు రాడ్ల (గాలం కర్రల) పొడవంటాడు, ఇంకొకాయన వంద అడుగులంటాడు, మరొకాయన అసలు ఎదుటి మనిషి మొహం కనపడకూడదంటాడు. మంచి సలహానే. కాకపోతే ఖాళీగా ఉన్న ఏటి దగ్గర మర్యాద ఎవరికైనా చేతనవుతుంది. ఇద్దరి మధ్య చెయ్యి చాపేంత చోటు కూడా లేనప్పుడు ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. దానికి దూరం జవాబు కాదని, వంతు జవాబని నా వాదన.

న్యూయార్క్ రాష్ట్రంలో పులాస్కీ అని చిన్న ఊరుంది. ఆ ఊరి మధ్యలోంచి పారే సాల్మన్ నది కొన్ని మైళ్ళు పోయి ఒంటారియో సరస్సులో కలుస్తుంది. సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా శనాదివారాల్లో ఊరి వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, రెండు ఒడ్డుల వెంటా మోకాలి లోతు నీళ్ళలో మనుషులు తోరణం కట్టినట్టు కనిపిస్తారు. న్యూజెర్సీ నుంచి అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేలోపు చేరుకునే కార్లలో మన తెలుగువాళ్ళ కార్లు కూడా కొన్ని ఉంటాయి. నాదీ అందులో ఒకటి.

ఇంత జనం ఎందుకో తెలియాలంటే ఆ చేప కథ కొంచెం చెప్పాలి. అక్కడ దొరికే చినూక్ సాల్మన్ ఆ నీళ్ళకి సొంతమైంది కాదు, పసిఫిక్ తీరపు చేప. ఒంటారియో సరస్సుకి సొంతమైన అట్లాంటిక్ సాల్మన్ ఆనకట్టల వల్ల, అడవుల నరికివేత వల్ల, అడ్డూ అదుపూ లేని వేట వల్ల 19వ శతాబ్దం ముగిసేసరికి మాయమైపోయింది. ఆ తర్వాత సరస్సు నిండా ఏల్‌వైఫ్ అనే చిన్న చేప పెరిగిపోయింది. దాన్ని తినే పెద్ద చేప కావాలని 1960ల చివర్లో చినూక్ పిల్లల్నీ, కోహో అనే ఇంకో పసిఫిక్ సాల్మన్ పిల్లల్నీ తెచ్చి వదిలారు. ఎగువన ఆల్ట్‌మార్ దగ్గర రాష్ట్ర ప్రభుత్వపు చేపపిల్లల కేంద్రం 1980 నుంచి నడుస్తోంది. సరస్సులో మూడు నాలుగేళ్ళు తిని బలిసిన చినూక్, పది కిలోలూ ఆపైనా తూగే చేప, గుడ్లు పెట్టడానికి ఈ ఏట్లోకి ఎక్కుతుంది. పెట్టాక చచ్చిపోతుంది. అంటే ఉన్నది కొద్ది వారాలు, ఏట్లో చేపలు ఆగే మంచి మడుగులు కొన్నే. జనమంతా ఆ మడుగుల చుట్టూ చేరక ఎక్కడికి పోతారు?

ఏరు పెద్దదా అంటే అదీ కాదు. పైన ఉన్న జలవిద్యుత్ ఆనకట్ట నుంచి శరత్కాలంలో వదలాల్సిన కనీస ప్రవాహం 335 క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 10 లక్షల క్యూసెక్కులకి. గోదావరి జిల్లాల మనిషికి ఈ సాల్మన్ నదిని చూపించి "ఇది నది" అంటే, "మరి పంట కాలవనేమంటారండీ?" అని అడుగుతాడు. ఆ కాలవలో ఇన్ని వందలమంది.

అయినా రోజులో ఎక్కువసేపు గొడవల్లేకుండానే నడుస్తుంది. అదే వింత. మొదటిసారి చూసేవాళ్ళకి అదంతా గందరగోళంగా కనిపిస్తుంది గాని, కాసేపు ఒడ్డు మీద కూర్చుని గమనిస్తే అందులో ఒక లయ ఉందని తెలుస్తుంది. వరసలో అందరూ కొంచెం ఎగువకి విసురుతారు. ఎర నీటి వేగంతో కిందికి కొట్టుకొస్తుంది, బెండు తమ ముందు నుంచి దాటి పక్కవాడి నీళ్ళలోకి పోకముందే లేపేస్తారు, మళ్ళీ విసురుతారు. పై మనిషి విసిరిన క్షణానికి కింది మనిషి విసిరితే దారాలు పక్కపక్కనే సాగిపోతాయి, చిక్కుపడవు. ఇందులో ఒక్కడు బరువైన సీసం కట్టి అడుగున ఆపేశాడా, లేదా అడ్డంగా అవతలి ఒడ్డు దాకా విసిరాడా, అటు నలుగురు ఇటు నలుగురు దారాలు విప్పుకుంటూ కూర్చోవాలి. అలాంటి చోట మూడు అడుగుల దూరంలో నిలబడి లయ తప్పనివాడు మర్యాదస్థుడు, ముప్ఫై అడుగుల దూరం నుంచి అడ్డంగా విసిరేవాడు కాడు. దూరం సరిపోదని నేననేది ఇందుకే.

చేప పడగానే "ఫిష్ ఆన్" అని అరవాలి. అరిచింది గొప్ప చెప్పుకోవడానికి కాదు, పక్కవాళ్ళు దారాలు చుట్టేసుకోవడానికి. వాళ్ళు చుట్టుకుని ఒకడుగు వెనక్కి వేస్తారు, చేపతో పాటు దిగువకి పరిగెత్తేవాడు వాళ్ళ రాడ్ల కిందుగా దూరిపోతాడు, చేపని ఒడ్డుకి చేర్చి తిరిగొచ్చేదాకా అతని చోటు అలాగే ఉంచుతారు. ఇది చట్టంలో రాసి ఉన్నది కాదు. అలాస్కాలో కీనై నదిలోకి రష్యన్ నది వచ్చి కలిసే చోట సాకై అనే సాల్మన్ కోసం ఇలాగే కిక్కిరిసి నిలబడతారు, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరే "కంబాట్ ఫిషింగ్", అంటే యుద్ధపు వేట. అక్కడా ఇదే కేక, ఇదే పద్ధతి.

అయితే ఈ మర్యాద ఎప్పుడూ పక్కవాళ్ళ వైపు నుంచే చెప్తారు: చేప పడినవాడికి దారివ్వండి అని. చేప పడినవాడికి బాధ్యత లేదా? పదిహేను మంది గాలాలు ఆపుకుని నిలబడ్డారంటే వాళ్ళు తమ పొద్దులో కొంత ఇతనికి అప్పిచ్చినట్టు. ఆ అప్పు తీర్చే మార్గం చేపని త్వరగా తేల్చడం. సన్నటి దారంతో పెద్ద చేపని అరగంట ఆడించడం ఖాళీ ఏట్లో నేర్పరితనం, జనంలో దబాయింపు. ఈ ఏటికి వచ్చేటప్పుడు గట్టి దారం, గట్టి రాడ్డు తెచ్చుకోవాలి. చేప ఇరవై మందిని దాటి దిగువకి పోయిందంటే రీలు పట్టుకుని దారం తెంపేసుకోవాలి. ఏడుపొస్తుంది, నిజమే. తెంపుకోవాలి.

ఇంకో సంగతి. జనం ఎక్కువైన కొద్దీ కొక్కెం నోట్లో కాకుండా వీపులోనో తోకలోనో గుచ్చుకునే చేపలు ఎక్కువవుతాయి. ఒకప్పుడు ఈ ఏట్లో కావాలనే కొక్కేలతో చేపల్ని గుచ్చి లాగడం చట్టబద్ధంగానే సాగింది. 1995 నుంచి పూర్తిగా నిషేధం. ఇప్పుడు నోట్లో పడని చేపని వదిలేయాలి. తోకకి తగిలిన చేప ముందే తెలిసిపోతుంది. తల తిరగదు, రైలింజన్‌లా ఒకటే లాగుడు. తెలిసీ దాన్ని పావుగంట ఆడించి, ఒడ్డుకి లాగి, ఫోటో దిగి, అప్పుడు వదిలే మనిషి చట్టాన్ని పాటించాననే అనుకుంటాడు. అతని కోసం చేతులు కట్టుకు నిలబడ్డ పదిహేను మంది సంగతి చట్టం పట్టించుకోదు. రాడ్డుని తిన్నగా చేప వైపు చూపించి, రీలు బిగించి తెంపడానికి పది సెకన్లు చాలు.

ఇక అసలు విషయానికొస్తాను. సూర్యోదయానికి అరగంట ముందు దాకా ఆ ఏట్లో గాలం వేయకూడదు. కాని వేయకూడదన్నారు గాని నిలబడకూడదనలేదు కదా! అందుకని రాత్రి మూడింటికి, నాలుగింటికి నెత్తికి లైటు కట్టుకుని మంచి మడుగు ముందు చోటు పట్టి, చలిలో వణుకుతూ కాపలా కాస్తారు. అంతవరకూ ఓర్పు గలవాడి ఫలం అనుకుందాం. ఒకడొచ్చి నాలుగు రాడ్లు నాలుగు చోట్ల ఒడ్డుకి ఆనించి, "మా వాళ్ళొస్తున్నారు" అంటాడే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫు వేసి, తాపీగా టీ తాగి ఎక్కే బాపతు ఇది. ఆ వచ్చేవాళ్ళు మోటెల్లో పడుకుని, గుడ్లూ బ్రెడ్డూ తిని, ఏడింటికి వస్తారు. డబ్బు తీసుకుని చేపలు పట్టించే గైడ్లలోనూ కొందరు సహాయకుణ్ణి ముందే పంపి ఇదే పని చేయిస్తారు. మన వాళ్ళ గుంపుల్లో కూడా ఇది బాగానే పాకింది. చిన్నప్పట్నించీ బస్సుల్లో సాధన చేసిన విద్య కదా, ఊరికే పోతుందా.

"ముందొచ్చినవాడిదే చోటు, ఇందులో అన్యాయం ఏముంది?" అని మా మిత్రుడొకడు ఎప్పుడూ వాదిస్తాడు. వాడి మాటలో కొంత నిజముంది. ముందు రావడానికి కులం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, అలారం ఉంటే చాలు. న్యూజెర్సీలో ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం ఉదయం 8 గంటలకి ట్రౌట్ సీజన్ మొదలవుతుంది. ఆ నిమిషానికి అందరూ ఒక్కసారే విసురుతారు. అందరికీ ఒకే గీత నుంచి పరుగు. చూడ్డానికి ఎంతో సమంగా ఉంటుంది. కాని ఎనిమిదింటికి విసిరే చోటు అయిదింటికే అయిపోయి ఉంటుంది. పసిపిల్లల తల్లి, రాత్రి షిఫ్టు చేసి వచ్చేవాడు, మోకాళ్ళ నొప్పుల ముసలాయన, వీళ్ళ అలారం మోగినా లాభం లేదు. పైగా ముందొచ్చినవాడిదే చోటు అనేది ఎంతసేపటి వరకు? గంటా, పూటా, చీకటి పడేదాకానా? ముందు రావడం వల్ల మొదటి వంతు వస్తుందని ఒప్పుకుంటాను. అన్ని వంతులూ తనవే ఎలా అవుతాయి?

దీనికి జవాబు ఎవరో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రపు మిరమిషీ నది మీద, ఇంకా అట్లాంటిక్ సాల్మన్ నదులు చాలా వాటి మీద, జనానికి తెరిచి ఉంచిన మడుగుల దగ్గర పాత ఆనవాయితీ ఒకటుంది. వచ్చినవాడు ఎగువ కొసన దిగుతాడు. విసురుతాడు, ఎర కిందికి ఊగి ఆగుతుంది, ఒకటి రెండు అడుగులు దిగువకి వేస్తాడు, మళ్ళీ విసురుతాడు. అతను కొంచెం జరిగాక వెనక ఇంకొకడు దిగుతాడు. మడుగు కింది కొసకి చేరినవాడు నీళ్ళలోంచి బయటికొచ్చి, ఒడ్డు మీద బెంచీ మీద కూర్చుని మళ్ళీ తన వంతు కోసం చూస్తాడు. చేప పడినవాడు దాన్ని తేల్చుకున్నాక మళ్ళీ మొదటికి పోతాడు. మడుగులో ఎక్కడ చేపలుంటాయో అందరికీ తెలుసు. అక్కడికి చేరే హక్కూ అందరికీ ఉంది, ఆగిపోయే హక్కు ఎవరికీ లేదు. కదలకుండా నిలబడినవాడికి వెనకవాడు గొంతు సవరించుకుని గుర్తుచేస్తాడు. పోలీసుల్లేరు, చలానాల్లేరు.

క్యుబెక్‌లో కొన్ని సాల్మన్ నదుల్లో ఒక అడుగు ముందుకి వేసి, రోజుకి ఇంతమంది అని పరిమితి పెట్టిన భాగాలకి లాటరీ తీస్తారు. ఇంగ్లండులో కాలవల మీద పోటీలు జరిగినప్పుడు ఒడ్డున అంకెలు వేసిన చోట్లుంటాయి, ఎవరికి ఏ అంకె అనేది చీటీ తీసి తేలుస్తారు. మంచి చోటు అనేది ఒకటి ఉంటుంది, అది ఒకడికే శాశ్వతంగా ఉండకూడదు అనే మాట మాత్రం అన్ని చోట్లా ఒకటే.

పులాస్కీలో ఇది కుదరదనేవాళ్ళ వాదన నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యను. మిరమిషీలో మనిషి చేపని వెతుక్కుంటూ కిందికి దిగుతాడు. ఇక్కడ చేప గుంపులు గుంపులుగా ఎక్కి వస్తూ ఉంటే మనిషి ఒక చోట నిలబడి ఎదురుచూస్తాడు. ఎనభై మంది ఒకేసారి అడుగు వేసుకుంటూ దిగితే కాళ్ళ కింద రాళ్ళు జారి సగంమంది మునుగుతారు. నిజం. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తేలేం. అందులోని ఒక్క ముక్క తెస్తే చాలు: ఒడ్డు మీద ఎవరైనా ఎదురుచూస్తున్నంతసేపూ, చేప తేల్చుకున్నవాడు తన చోటు వాళ్ళకిచ్చి వెనక్కి వెళ్ళాలి. ఎదురుచూసేవాళ్ళు లేకపోతే సాయంత్రం దాకా నిలబడు, ఎవరొద్దన్నారు? ఇప్పుడు ఆనవాయితీ ఏమిటంటే, చేపతో దిగువకి వెళ్ళినవాడి చోటు కాపాడటం. నేననేది ఆ కాపాడటాన్ని కొంచెం తిప్పమని. చేప పోతే చోటు అతనిదే. చేప చేతికొస్తే చోటు తర్వాతివాడిది.

ఇలాంటి ఏర్పాటు మనలో మనం చేసుకోకపోతే డబ్బు ఆ ఏర్పాటు చేసేస్తుంది. చేసింది కూడా. అదే ఏట్లో, సరస్సుకి దగ్గరగా ఉన్న దాదాపు రెండున్నర మైళ్ళ భాగం డగ్లస్టన్ అనే ప్రైవేటు ఎస్టేటుది. రోజుకి ఇంతమంది అని పరిమితి, టికెట్టు. పడవల్లో వచ్చి అక్కడ లంగరు వేసి గాలం వేసిన గైడ్ల మీద యజమానులు దావా వేస్తే, 1997లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం యజమానుల పక్షాన తీర్పిచ్చింది. పడవ మీద ప్రయాణించే హక్కు జనానిది, చేపలు పట్టే హక్కు మాత్రం నేల యజమానిదేనని. పాత పట్టాల చట్టం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. అక్కడ నిలబడటానికి హాయిగానే ఉంటుందనీ ఒప్పుకోవాలి. కాని అక్కడ మర్యాద అవసరం తగ్గింది ఎందుకంటే దాన్ని ముందే గేటు దగ్గర టికెట్టు కింద వసూలు చేశారు.

వంతు పద్ధతి మన వైపు లేనిదేం కాదు. పులికాట్ సరస్సు ఎక్కువ భాగం ఆంధ్రలోదే అయినా, తమిళనాడు వైపున్న కొన్ని మత్స్యకార పల్లెల్లో 'పాడు' అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. వాటిలో వల కట్టే వంతు చీటీలతో, వరసతో తిరుగుతుంది. ఇవాళ మంచి చోటు దొరికినవాడికి రేపు మామూలు చోటు. బతుకుతెరువు కోసం పట్టేవాళ్ళు ఇంత సర్దుబాటు చేసుకున్నారు, సరదాకి పట్టేవాళ్ళం మనం చేసుకోలేమా అని నేను మిత్రుల దగ్గర తరచూ ఎత్తేవాణ్ణి. ఒక స్నేహితురాలు దాని మీద గట్టిగానే మొట్టింది: "ఆ పాడులో ఎవరికి వంతుందో, ఎవరికి లేదో చూశావా? ఆ కులంలో పుట్టిన మగవాళ్ళకే కదా. బయటివాళ్ళని వరసలోకే రానివ్వకుండా లోపల మాత్రం న్యాయంగా పంచుకోవడం గొప్పా?" ఆ మాట కొట్టెయ్యలేను. వంతు ఎంత న్యాయంగా తిరిగినా, వరసలోకి ఎవరు రావచ్చు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్న పులాస్కీలోనూ ఉంది, పైకి అనరు అంతే. మర్యాద తెలియనివాళ్ళు అనే మాట అక్కడ ఎవరి మీద పడుతుందో కాస్త చెవిపెట్టి వింటే తెలుస్తుంది. చైనావాళ్ళు, రష్యావాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు, ఈమధ్య మనవాళ్ళు. మనవాళ్ళ తప్పులు లేవా? ఉన్నాయి. బ్లూటూత్ స్పీకరులో పాటలు పెట్టి ఏటి నిండా వినిపించడం, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి "ఒరేయ్ మామా, ఏం పడిందిరా?" అని కేకలు, చేప ఆగే నీళ్ళలోంచే నడిచి అవతలికి పోవడం. వెనక గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలని ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? చెప్పేవాళ్ళు చెప్పరు, అరుస్తారు. తరాలుగా అక్కడ గాలం వేస్తున్న మనిషి కొత్తవాడి మీద అరిచే పది మాటల బదులు "కొంచెం ఎగువకి విసురు, నేను విసిరినప్పుడే విసురు" అని ఒక్క వాక్యం చెప్తే ఆ పూటకి సరిపోతుంది. అలా చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఒక పెద్దాయన నా పక్కన నిలబడ్డ కుర్రాడికి సీసం గుళ్ళు విప్పించి, తన జేబులోంచి చిన్నవి ఇచ్చి, బెండు సరిచేసిచ్చాడు. ఆ కుర్రాడి దారం ఆ తర్వాత ఎవరికీ అడ్డం పడలేదు. ఆయన చేసింది దయ కొంత, సొంత లాభం కొంత. ఆయన దిగువనే ఉన్నాడు మరి.

కొత్తవాడి వైపు నుంచి కూడా ఒక్క పని ఉంది, అడగడం. "మీకు కిందివైపు నిలబడొచ్చా?" అని. జనం ఎంత ఉన్నా ఈ మాటకి అడ్డం చెప్పినవాళ్ళు నాకు తగిలింది తక్కువ. అడగకుండా దూరినవాడికి మూడు అడుగులు కూడా ఎక్కువే అనిపిస్తుంది వాళ్ళకి, అడిగినవాడికి వాళ్ళే జరిగి చోటిస్తారు.

మన కృష్ణ, గోదావరుల దగ్గరికి ఈ పాఠాలన్నీ మోసుకుపోవడం తెలివితక్కువ. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన గాలాలూ వలలూ కలిసే దిగుతాయి. అక్కడ సరదా రాడ్డు పట్టుకున్న నేనూ, విసురువలతో ఇల్లు గడుపుకునే మనిషీ సమానులం కాదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన వల పడే చోట నేను వంతు అడగను. ఆయన వేసుకుని వెళ్ళాక మిగిలిందే నాది. ఊరి చెరువుల్లో అయితే చాలాచోట్ల చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిది. వాళ్ళనడక్కుండా గట్టు మీద కూర్చోవడం దొంగతనం కింద లెక్క, అక్కడ మర్యాద మాట ఎత్తడానికే లేదు.

ఈ అక్టోబరుకి మా గుంపులో ఈ విషయం మీద పెద్ద రభసే జరిగింది. చేప తేలినవాడు ఒడ్డు మీద ఉన్నవాడికి చోటివ్వాలని నేనన్నాను. ఇద్దరు సరేనన్నారు. ముందొచ్చినవాడిదే చోటు అనే మా మిత్రుడు మాత్రం, "నువ్విస్తావు, వచ్చినవాడు పొద్దుగూకేదాకా పాతుకుపోతాడు, అప్పుడేం చేస్తావ్?" అన్నాడు. అలా జరుగుతుంది. కొన్నిసార్లు తప్పకుండా జరుగుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. వాడు ఎప్పట్లాగే మూడింటికే వెళ్తానంటున్నాడు. వెళ్ళనీ. మా రాడ్లు మాత్రం ఈసారి వాడి కారులో పెట్టడం లేదు.